డాక్టర్ తాహా హుసేన్: చీకటిలో పెరిగిన పిల్లవాని కథ

మహనీయుల జీవితాలు చదివేటప్పుడు మనం సాధారణంగా వారు అందుకొన్న పదవులు, బిరుదులు, సన్మానాలు చూస్తాము. వారి చిన్నతనం ఎట్లా గడిచింది, ఆ పసితనంలో వారిని ఆదుకొన్నది ఎవరు, నొప్పించినది ఎవరు అన్నది అంతగా పట్టించుకోము. ఈజిప్టు దేశానికి చెందిన డాక్టర్ తాహా హుసేన్ గారి విషయంలో మాత్రం ఆయన చిన్నతనమే మనకు అసలు పాఠం. రెండు కళ్ళూ లేని మనిషి ఒక దేశానికి విద్యామంత్రి అయినాడంటే ఎవరికైనా ఆశ్చర్యమే. కాని ఆ కళ్ళు ఎందుకు పోయినవి, పోయిన తరువాత నిండు సంసారంలో ఆ పిల్లవాడు లోలోపల ఏమి అనుభవించినాడు అన్నది అంతకన్నా ముందు తెలుసుకోవలసిన విషయం. బిడ్డల్లో ఒకరికి అంగవైకల్యమో, ఏళ్ళ తరబడి వదలని జబ్బో ఉన్న తల్లిదండ్రులు మనలోనూ ఉన్నారు. ముఖ్యంగా వారిని దృష్టిలో పెట్టుకొని ఈ నాలుగు మాటలు వ్రాస్తున్నాను.

తాహా హుసేన్ గారు 1889 నవంబరులో ఎగువ ఈజిప్టులోని మిన్యా ప్రాంతంలో, మఘాఘా అనే ఊరికి దగ్గర ఒక చిన్న పల్లెలో పుట్టినారు. తండ్రి చక్కెర కంపెనీలో చిన్న ఉద్యోగి. సంపాదన కొద్ది, సంసారం పెద్ద. తండ్రికి పదముగ్గురు బిడ్డలు, వారిలో తాహా ఏడవవాడు. ఇంత మంది పిల్లలున్న ఇంట్లో ఒక్కొక్కరిని విడిగా కనిపెట్టి చూసే తీరిక ఎవరికి ఉంటుంది? తల్లి తెల్లవారు జాము నుంచి పొద్దుగూకే దాకా పనిలో ఉంటుంది, తండ్రి ఉద్యోగంలో ఉంటాడు. ప్రేమ లేక కాదు, తీరిక లేక. మన ఇళ్ళలోనూ ఇది కొత్త సంగతేమీ కాదు.

పిల్లవాడికి మూడేళ్ళ లోపునే కళ్ళకలక వచ్చింది. ఆ కాలంలో నైలు నది ఒడ్డు పల్లెల్లో దుమ్ము, ఈగల వల్ల కంటి జబ్బులు విపరీతంగా ఉండేవి. వచ్చిందే పోతుందిలే అని కొన్ని రోజులు ఊరుకొన్నారు. తగ్గకపోయేసరికి ఊరి మంగలిని పిలిపించినారు. అప్పట్లో పల్లెల్లో మంగలే వైద్యుడు కూడా. అతడు తనకు తెలిసిన వైద్యమేదో చేసినాడు. ఆ వైద్యంతో రెండు కళ్ళూ పోయినవి. పుట్టుకతో వచ్చిన లోపం కాదిది. ఎవరో చేసిన పాపమూ కాదు, దిష్టీ కాదు. కొన్ని రోజుల ఆలస్యం, ఒకరి తెలియనితనం, అంతే. ఆ రెండూ కలిసి ఒక మనిషికి ఎనభై ఏళ్ళ పైచిలుకు చీకటిని మిగిల్చినవి.

అదే ఇంట్లో ఇంకొక విషాదం కూడా జరిగింది. తాహాకు నాలుగేళ్ళ చెల్లెలు ఉండేది. చలాకీ పిల్ల, ఇంటిల్లిపాదికీ ముద్దు. బక్రీదు దగ్గర పడిన రోజుల్లో ఆ పిల్లకు జ్వరం తగిలింది. తల్లి పండుగ పనుల్లో ఉంది. అన్నలు కొత్త బట్టల కోసం, చెప్పుల కోసం తిరుగుతున్నారు. పిల్ల ఒక మూల పడుకొని ఉంది. తల్లీ అక్కా అప్పుడప్పుడూ వచ్చి చూసి పోతున్నారు. డాక్టరును పిలవాలన్న ఆలోచన మాత్రం ఎవరికీ రాలేదు. నాలుగో రోజు పిల్ల కేకలు పెట్టడం మొదలు పెట్టింది. అప్పుడు గాని ఇల్లంతా ఉలిక్కిపడలేదు. అప్పటికే చేయి దాటిపోయింది, పిల్ల దక్కలేదు. వేటపోతును తెచ్చి కట్టేసుకొన్న ఇంట్లో పండుగ పూట ఏడుపులు వినవలసి వచ్చింది. ఆ తరువాత 1902 ఆగస్టులో కలరా మహమ్మారి వచ్చినప్పుడు పద్దెనిమిదేళ్ళ అన్న కూడా చనిపోయినాడు. ఆ అన్న డాక్టరు చదువులో చేరబోతున్నవాడు. ఊళ్ళో కలరా రోగులకు సాయం చేస్తూ తిరిగినవాడు.

పెద్దవాడైన తరువాత తాహా హుసేన్ గారు తన జీవిత కథ అల్-అయ్యామ్ లో ఈ సంగతులన్నీ దాచకుండా వ్రాసుకొన్నారు. పల్లెల్లో పిల్లలు మూలిగితే తల్లులు తేలికగా తీసుకొంటారనీ, రేపటికి అదే తగ్గుతుందని నమ్ముతారనీ ఆయన కటువుగానే వ్రాసినారు. తల్లి మీద కోపంతో వ్రాసిన మాటలు కావవి. ఇంకో ఇంట్లో అట్లా జరగకూడదని వ్రాసినవి.

ఇక ఆ పిల్లవాని మనసు సంగతి చూద్దాము.

ఇంటి ముందు దంట్ల దడి ఒకటి ఉండేది. అదే అతని లోకానికి సరిహద్దు. కుందేళ్ళు ఆ దడిని దాటి పోయేవి, తాను మాత్రం పోలేడు. సాయంత్రాలు దడి దగ్గర నిలబడి, ఊరి కథకుడు పాడే వీరగాథలు వినేవాడు. కథ మంచి పట్టులో ఉండగా అక్క వచ్చి లోపలికి రమ్మనేది. రానంటే ఎత్తుకొని పోయేది. లోపల తల్లి అతని తల ఒడిలో పెట్టుకొని కళ్ళలో మందు చుక్కలు వేసేది. భగ్గున మండేవి. అయినా ఏడ్చేవాడు కాదు. తరువాత గదిలో ఒక మూల చాప మీద పడుకోబెట్టేవారు. దయ్యాలు వస్తాయేమోనని భయంతో దుప్పటి ముసుగు తన్ని, కోడి కూసే దాకా ముడుచుకొని ఉండేవాడు. ఆ భయం ఎవరికీ చెప్పుకోలేదు. ఎవరూ అడగనూ లేదు.

ఇంట్లో అందరూ తనతో ఒక విధంగా, మిగిలిన పిల్లలతో ఇంకొక విధంగా ఉంటున్నారని కొంత కాలానికి గ్రహించినాడు. తల్లి జాలి చూపేది. అన్నలు, అక్కలు మాట్లాడేటప్పుడు ఆచి తూచి మాట్లాడేవారు. ఆ జాగ్రత్తే అతనికి ఎక్కువ నొప్పి కలిగించింది. వాళ్ళు చూసిన వస్తువులను గురించి చెప్పుకొంటూ ఉంటే, తనకు తెలియనిదేదో వాళ్ళకు తెలుసునని అప్పుడు అర్థమైంది. మొదట కోపం వచ్చింది. తరువాత ఆ కోపం మాటలేని దిగులుగా మారిపోయింది.

ఒకనాడు రాత్రి అందరూ కలిసి భోజనానికి కూర్చున్నారు. పిల్లలకు సహజమైన కుతూహలంతో, ముద్దను ఒక చేత్తో కాకుండా రెండు చేతులతో తీసుకొంటే ఎట్లా ఉంటుందో చూద్దామని అట్లా తీసుకొన్నాడు. అన్నలు ఫక్కున నవ్వినారు. తల్లి ఏడ్చింది. తండ్రి విచారంగా, మెల్లగా అట్లా తినకూడదని చెప్పినాడు. అంతే జరిగింది, ఎవరూ కొట్టలేదు, తిట్టలేదు. అయినా ఆ రాత్రి ఎట్లా గడిచిందో ఆ పిల్లవానికే తెలుసు. అప్పటి నుంచి పులుసు, అన్నం, చెంచాతో తినవలసినవన్నీ మానుకొన్నాడు. పాతికేళ్ళు వచ్చే దాకా ఆ నియమం వదలలేదు. పదిమందిలో తినాలంటే సిగ్గు. ఆటలు కూడా మానేసినాడు. ఎవరూ నవ్వడానికి వీలు లేనివి ఏమైనా ఉంటే అవే ఆడేవాడు. ఇనుప ముక్కలు పోగు చేసుకొని ఒక మూల కూర్చుని ఒకదాని కొకటి తట్టుకొనేవాడు.

ఇక్కడ మనం ఒక్క క్షణం ఆగి ఆలోచించాలి. అన్నలు చెడ్డవాళ్ళు కారు, వాళ్ళూ పిల్లలే. తల్లి ఏడ్చింది ప్రేమతోనే. కాని నవ్వూ ఏడుపూ రెండూ ఆ పిల్లవానికి ఒకే మాట చెప్పినవి. నువ్వు మా లాంటివాడివి కావు అని. అమ్మ కన్నీరు కూడా ఒక్కోసారి బిడ్డకు బరువే అవుతుంది. ఆ పూట ఎవరైనా నవ్వును ఆపి, అతని చెయ్యి పట్టుకొని, గిన్నె ఎక్కడ ఉంది, చెంచా ఎట్లా పట్టుకోవాలి అన్నది నెమ్మదిగా నేర్పి ఉంటే ఇరవై ఏళ్ళ సిగ్గు తప్పేది.

చదువు విషయానికి వస్తే, తాహాను ఊరి మక్తబ్ లో చేర్చినారు. అక్కడి ఉస్తాదుకు కూడా చూపు అంతంత మాత్రమే. తొమ్మిదేళ్ళు నిండక ముందే ఖురాను మొత్తం కంఠస్థం చేసినాడు. ఇంట్లో అందరూ అతణ్ణి షేక్ అని పిలవడం మొదలు పెట్టినారు. పిల్లవాడు పొంగిపోయినాడు. అయితే ఉస్తాదు శ్రద్ధగా మళ్ళీ మళ్ళీ చెప్పించకపోవడం వల్ల కొంత కాలానికి మరచిపోయినాడు. ఒకరోజు తండ్రి అతిథుల ముందు చదవమంటే నోరు పెగల్లేదు, సిగ్గుతో చచ్చినంత పని అయింది. మళ్ళీ మొదటి నుంచి చదివి నిలబెట్టుకొన్నాడు. చూపు లేదు గనుక ఇక ఏమి చేస్తాడులే అని ఆ తండ్రి చదువు మాన్పించలేదు. మిగిలిన లోపాలు ఎన్ని ఉన్నా, ఈ ఒక్క విషయానికి ఆ తండ్రికి మనం సలాము చెయ్యాలి.

1902లో పదమూడేళ్ళ వయసులో పెద్దన్నతో పాటు కైరో వెళ్ళి అల్-అజ్‌హర్ లో చేరినాడు. అక్కడ ఒక పాత లోగిలిలో పై అంతస్తు గది. అన్న సాయంత్రం స్నేహితుల దగ్గరకో, పాఠానికో వెళ్ళిపోయేవాడు. చూపు లేనివాడికి దీపం ఎందుకని దీపం కూడా ఉండేది కాదు. పిల్లవాడు ఒక్కడే చీకట్లో కూర్చుని, గోడల్లో పురుగుల చప్పుడు వింటూ అన్న కోసం ఎదురు చూసేవాడు. పక్క గదిలో అన్నగారి మిత్రులు టీలు తాగుతూ నవ్వుకొంటూ ఉంటే ఆ మాటలు చెవిన పడేవి. తనను కూడా పిలవండి అని అడగడానికి అభిమానం అడ్డు వచ్చేది. ఒక్కోసారి ఏడుపు వచ్చేది. కొంత కాలానికి పిన్నమ్మ కొడుకు ఒకడు, ఈడువాడు, చదువుకోవడానికి కైరో వచ్చి ఆ గదిలోనే చేరినాడు. ఆ రోజు నుంచి తాహా జీవితమే మారిపోయింది. ఇద్దరూ కలిసి పాఠాలకు పోయేవారు, కలిసి తినేవారు, కలిసి బజారులో తిరిగేవారు. మందు ఏమీ మారలేదు, చూపు ఏమీ రాలేదు. పక్కన ఒక తోడు వచ్చింది, అంతే. దీర్ఘకాలంగా జబ్బుతోనో, లోపంతోనో ఉన్న పిల్లలకు ఈడు పిల్లల స్నేహం ఎంత బలమో చెప్పడానికి ఇంతకన్నా వేరే సాక్ష్యం అక్కర లేదు.

అల్-అజ్‌హర్ ప్రవేశ పరీక్షలో ఒక సంఘటన జరిగింది. పరీక్ష చేసే పెద్దమనిషి అతణ్ణి పేరు పెట్టి పిలవకుండా గుడ్డివాడా అని పిలిచినాడు. ఇంట్లో ఎన్ని ఇబ్బందులు ఉన్నా ఆ మాట ఎన్నడూ ఎవరూ ఎదుట అనలేదు. పరీక్ష నెగ్గినాడు గాని, ఆ పిలుపు మాత్రం ముల్లులా గుచ్చుకొని ఉండిపోయింది. ప్రవక్త గారి మస్జిదులో బిలాల్ గారితో పాటు అజాన్ చెప్పిన అబ్దుల్లా ఇబ్న్ ఉమ్మె మక్తూమ్ గారు అంధులన్న సంగతి ఆ పరీక్షకునికి తెలియనిది కాదు. తెలిసిన సంగతి సమయానికి నాలుక మీదికి రాలేదు. మన వాడల్లో కూడా కుంటివాడు, మూగది, పిచ్చిది అన్న పిలుపులే పేర్లయిపోయిన పిల్లలున్నారు. వారికి అమ్మానాన్నలు ముచ్చటపడి పెట్టిన పేర్లు ఉన్నాయి.

1908లో కైరోలో కొత్తగా ఈజిప్షియన్ యూనివర్సిటీ ప్రారంభమైంది. తాహా అక్కడ కూడా పాఠాలు వినసాగినాడు. అల్-అజ్‌హర్ లో ఉస్తాదులతో వాదనలు పెరిగి, అక్కడి పట్టా దక్కలేదు. యూనివర్సిటీలో మాత్రం 1914లో డాక్టరేటు పొందినాడు. ఆ యూనివర్సిటీ ఇచ్చిన మొట్టమొదటి డాక్టరేటు అదే. పరిశోధనకు ఎన్నుకొన్నది ఎవరిని? అబుల్ అలా అల్-మఅర్రీ అనే ప్రాచీన కవిని. ఆ కవికి కూడా పసితనంలో మశూచితో చూపు పోయింది. ఆయనా నలుగురిలో తినడానికి సిగ్గుపడి ఒంటరిగా తినేవాడు. తన చిన్ననాటి రాత్రి భోజనం సంగతి ఆ కవి జీవితంలో కనబడి తాహాకు మనసు తేలిక పడి ఉంటుంది. తన లాంటివారు ముందూ ఉన్నారని తెలియడం కూడా ఒక ఓదార్పే.

ఆ మీదట ప్రభుత్వ విద్యార్థిగా ఫ్రాన్సు వెళ్ళినారు. మొదట మోపెలియే, తరువాత పారిస్. మోపెలియేలో సుజాన్ అనే ఫ్రెంచి యువతి ఆయనకు పుస్తకాలు చదివి వినిపించేవారు. 1917లో వారిద్దరికీ వివాహమైనది. 1918లో ఇబ్న్ ఖల్దూన్ మీద సోర్బోన్ లో రెండో డాక్టరేటు వచ్చింది. 1919లో స్వదేశం వచ్చి యూనివర్సిటీలో ప్రాచీన చరిత్ర, తరువాత అరబ్బీ సాహిత్యం బోధించినారు. ఎవరో చదివితే వినడం, చెప్పితే వ్రాయించడం, ఈ రెండింటితోనే ఆయన అన్ని పుస్తకాలూ వచ్చినవి.

ఆయన జీవితంలో వివాదాలు లేవని చెప్పడం సరికాదు. ఇస్లాంకు పూర్వపు అరబ్బీ కవిత్వాన్ని గురించి 1926లో వ్రాసిన పుస్తకం మీద ఉలమాలు గట్టిగా అభ్యంతరం చెప్పినారు. కేసు విచారణ జరిగి చివరకు కొట్టివేశారు. కొన్ని భాగాలు తీసివేసి ఆయన ఆ పుస్తకాన్ని మళ్ళీ వేసినారు. తరువాత ప్రవక్త గారి జీవిత ఘట్టాల మీద అలా హామిష్ అస్-సీరా అనే గ్రంథం కూడా వ్రాసినారు. ఆయన అభిప్రాయాలన్నిటితో ఏకీభవించని వారు అప్పుడూ ఉన్నారు, ఇప్పుడూ ఉన్నారు. ఆయన పట్టుదలను కాదనేవారు మాత్రం లేరు. 1930లో డీన్ అయినారు. ప్రభుత్వం చెప్పినట్లు రాజకీయ నాయకులకు గౌరవ డాక్టరేట్లు ఇవ్వడానికి ఒప్పుకోనందుకు 1932లో ఆ పదవి పోయింది. కొన్నేళ్ళకు తిరిగి పిలిచినారు. 1942లో అలెగ్జాండ్రియా యూనివర్సిటీకి మొదటి అధిపతి అయినారు.

1950లో ఈజిప్టు విద్యామంత్రి పదవి వచ్చింది. గాలి, నీరు ఎట్లా అందరివో చదువు కూడా అట్లాగే అందరిదీ అని ఆయన వాదం. ఆ మాటను కాగితం మీదనే ఉంచకుండా హైస్కూలు చదువుకు ఫీజులు తీసివేయించినారు. ఐన్ షమ్స్ యూనివర్సిటీ కూడా ఆ ఏడాదే మొదలైంది. మంత్రి పదవిలో ఉన్నది రెండేళ్ళే, 1952 జనవరితో అది ముగిసింది. ఒకప్పుడు దంట్ల దడి అవతలికి పోలేని పిల్లవాడు, ఆ దేశంలోని బీద పిల్లల ముందున్న ఫీజు అనే దడిని తీసివేసినాడు. 1963 నుంచి చనిపోయే దాకా అరబ్బీ భాషా అకాడమీ అధ్యక్షులుగా ఉన్నారు. 1973 అక్టోబరు 28న కైరోలో కన్ను మూసినారు. ఆ ఏడాదే ఐక్యరాజ్య సమితి మానవ హక్కుల బహుమతి ఆయనకు ప్రకటించినారు.

అల్-అయ్యామ్ మొదటి భాగం చివర ఆయన తన తొమ్మిదేళ్ళ కూతురితో మాట్లాడినట్లు వ్రాసినారు. ఒకసారి కూతురికి గ్రీకుల కథ ఒకటి చెబుతున్నారట. చూపు పోగొట్టుకొన్న రాజు, అతని చెయ్యి పట్టుకొని నడిపించే కూతురు. కథ వింటూ వింటూ ఆ చిట్టితల్లి ముఖం మాడిపోయి, ఏడుస్తూ వచ్చి తండ్రి మెడను కావలించుకొన్నది. ఆ రాజులో తన అబ్బాజాన్ కనబడినాడు మరి. తండ్రి చిన్ననాటి కష్టాలన్నీ ఇప్పుడే ఆ పిల్లకు చెప్పడం ఆయనకు ఇష్టం లేకపోయింది. చెప్పినదంతా చెప్పి, తన దిగులును సంతోషంగా మార్చినది ఆమె తల్లి అని, ఆ ఇల్లాలి ఋణం తండ్రీ కూతుళ్ళిద్దరమూ తీర్చుకోలేమని వ్రాసి ముగించినారు.

సోదర సోదరీమణులారా! తాహా హుసేన్ గారి కాలంలో పల్లెకు డాక్టరు లేడు, చట్టం లేదు, సాయం లేదు. మనకు ఇప్పుడు ఆ సాకు లేదు. 2013 నుంచి మన దేశంలో రాష్ట్రీయ బాల స్వాస్థ్య కార్యక్రమం కింద పుట్టిన బిడ్డ నుంచి పద్దెనిమిదేళ్ళ దాకా పిల్లలను బడుల్లో, అంగన్‌వాడీల్లో పరీక్ష చేసే ఏర్పాటు ఉన్నది. 2016 నాటి వికలాంగుల హక్కుల చట్టం 21 రకాల వైకల్యాలను గుర్తించింది. తలసీమియా, సికిల్ సెల్, హీమోఫీలియా వంటి దీర్ఘవ్యాధులు కూడా అందులో ఉన్నవి. నలభై శాతానికి తగ్గకుండా వైకల్యం ఉన్నట్లు సర్టిఫికెట్ ఉన్న పిల్లలకు ఆరు నుంచి పద్దెనిమిదేళ్ళ దాకా ఉచితంగా చదువుకొనే హక్కు ఆ చట్టం ఇచ్చింది. ఈ కాగితాలు చేయించుకోవడానికి ఆఫీసుల చుట్టూ తిరగవలసి వస్తుంది, నిజమే. చదువుకొన్న సభ్యులు ఒక్కొక్కరు ఒక్కొక్క కుటుంబానికి తోడుగా వెళితే ఆ పని సగం తేలికవుతుంది.

అయితే ప్రభుత్వం ఇవ్వలేనివి కొన్ని ఉన్నాయి. పిల్లవాని కన్ను ఎర్రబడితే పసరు పొయ్యకుండా ఆ పూటే కంటి డాక్టరు దగ్గరకు తీసుకొని పోవడం మన చేతిలో ఉంది. పండుగ పనులు ఎన్ని ఉన్నా మూల పడుకొన్న బిడ్డ నుదుటి మీద చెయ్యి పెట్టి చూడడం మన చేతిలో ఉంది. దస్తర్‌ఖాన్ దగ్గర నవ్వే పిల్లలను కళ్ళతోనే వారించి, ఆ బిడ్డను మన పక్కన కూర్చోబెట్టుకోవడం మన చేతిలో ఉంది. ఈద్ నాడు మన పిల్లలను కొత్త బట్టలతో ఆ ఇంటికి పంపి, ఆ పిల్లవాణ్ణి కూడా వెంట పెట్టుకొని ఈద్‌గాకు రమ్మని చెప్పడం కూడా మన చేతిలోనే ఉంది.

తాహాకు చీకటి గదిలో తోడు వచ్చినది ఒక్క పిన్నమ్మ కొడుకు. మన వాడలోని బిడ్డకు ఆ తోడు ఎవరింటి నుంచి వస్తుందో మనమే చూసుకోవాలి.